తలంపును గుమ్మమున నిలుపు విద్య

నాలుగవ శతాబ్దము చివర, అలెగ్జాండ్రియా నగరమునకు దక్షిణమున, నైలునది పాయల పచ్చదనము తెగిపోయి ఇసుక మొదలగు చోట, కెల్లియా యను పేర వందలకొలది సన్యాసుల కుటీరములు, ఒకరి గొంతు మరొకరికి వినబడనంత యెడముతో చెదరియుండెడివి. రొట్టెతోను ఉప్పుతోను కడుపు నింపుకొనుచు, నానిన ఖర్జూరపుటాకులతో తాళ్లు పేనుచు, బుట్టలల్లుచు కాలము గడపిన ఆ నిరాడంబరులు క్రైస్తవలోకమునకు ఒక విద్యను సమకూర్చి పోయిరి. శోధన ఏ వేళ వచ్చును, ఏ వేషమున వచ్చును, దాని వెంట మరేది వచ్చును, వచ్చినదానిని ఏ మాటతో మరలింపవలెను అనునదియే ఆ విద్య. పాపమును ఖండించు ఉపన్యాసములు మనకు కొదువ లేదు గాని, పాపమునకు ముందరి ఆ కొలది క్షణములను ఇంత ఓపికతో పరికించినవారు అరుదు.

ఈ విద్యకు శాస్త్రరూపమిచ్చినవాడు ఎవాగ్రియుసు. నల్లసముద్రపు దక్షిణతీరమందలి పొంతు దేశమున పుట్టి, బిషపు బసీలుచేత పాఠకుడుగను, నజియాంజు గ్రెగొరీచేత డీకనుగను నియమింపబడి, 381వ సంవత్సరమున కాన్‌స్టాంటినోపిల్‌లో మహాసభ జరిగిన కాలమున వాదపటిమచే రాజధానియందు పేరు మోసిన ఈ యువకుడు, గొప్ప యింటి వివాహిత యొకతెయందు మనస్సు చిక్కుకొని, తాను సంకెళ్లలో నున్నట్లును, నగరము విడిచి పోదునని సువార్తగ్రంథముపై ప్రమాణము చేసినట్లును కలగని, వెంటనే ఓడయెక్కెనని ఆయన శిష్యుడు పల్లాదియుసు వ్రాసియున్నాడు. యెరూషలేములో మరల వేషభూషల వ్యామోహమున పడి, నెలల తరబడి జ్వరముతో మంచమెక్కి, ఒలీవకొండమీద మఠము నడుపుచుండిన మెలానియా యెదుట తన గుట్టు విప్పిన పిమ్మటగాని ఆయన ఐగుప్తు త్రోవ పట్టలేదు. 399లో కన్ను మూయువరకు ఆ ఎడారిలోనే, అందమైన దస్తూరితో గ్రంథములకు ప్రతులు వ్రాసి, ఆ కూలితో బ్రతికెను. శోధనను గెలిచి నిలిచిన వీరుడు కాక, దానికి వెరచి పారిపోయినవాడు దానిని గూర్చి శాస్త్రము వ్రాయుటయే నాకు ఆ శాస్త్రమందు నమ్మకము కలిగించినది.

ప్రాక్తికోస్ అను నూరు ప్రకరణముల చిన్న గ్రంథమున ఆయన శోధనలను ఎనిమిదిగా ఏర్పరచెను: తిండియాశ, కామము, ధనాశ, విషాదము, క్రోధము, విసుగు, కీర్తికాంక్ష, గర్వము. అరిషడ్వర్గమును చిన్ననాటినుండి విన్న మనకు ఈ వరుస కొంత పరిచితముగానే తోచును; ఐనను విషాదమును, విసుగును శత్రువుల పంక్తిలో నిలుపుట ఒంటరిగా బ్రతికి చూచినవారికే తట్టును. అంతకంటె గమనింపదగినది, వీటిని ఆయన పాపములని పిలువక తలంపులని పిలుచుట. తలంపు వచ్చుట మన చేతిలో లేదు. దానికి పీట వేయుటయో, సాగనంపుటయో మాత్రమే మన పని. ఈ భేదము తెలియక, ఒక చెడు ఊహ మెదలినంతనే తాము భ్రష్టులమైతిమని కుమిలిపోవు భక్తులు నేటికిని మన సంఘములలో కొల్లలు.

శోధన ఎంత పెద్దమనిషి తరహాగా మాటలాడునో ఆయన చూపిన తీరు మిక్కిలి సూక్ష్మమైనది. ధనాశ దోచుకొమ్మని చెప్పదు. ముసలితనము దీర్ఘమనియు, చేతులు పనికి లొంగవనియు, కరవో రోగమో వచ్చినచో ఒకరి యెదుట చేయి చాచుట సిగ్గుచేటనియు హితవు పలుకును. తిండియాశ విందును చూపి ఊరింపదు. కాలేయము, ప్లీహము చెడునని, జలోదరము వచ్చునని, ఎడారిలో వైద్యుడు దొరకడని ఆరోగ్యశాస్త్రము బోధించి, ఉపవాసములతో మంచమెక్కిన సోదరుల పేర్లు జ్ఞాపకము చేయును.

ఇక విసుగు. ఎనిమిదింటిలో ఇదియే మిక్కిలి బరువైనదని ఆయన మతము. కీర్తనలలోని ఒక మాటను పురస్కరించుకొని దీనిని మధ్యాహ్నపు దయ్యమని పిలిచెను. ఉదయము పది గంటలకు పైకొని రెండు గంటలవరకు అది వదలదు. సూర్యుడు కదలనట్లు తోచును. సన్యాసి మాటిమాటికి కిటికీవైపు చూచును. లేచి బయటికి వచ్చి, భోజనవేళయగు మూడు గంటలకు ఇంకెంత ప్రొద్దున్నదో కొలుచుకొనును. ఎవరైన సోదరుడు ఇటు వచ్చుచున్నాడేమోనని నలుదిక్కులు పరికించును. పిమ్మట ఆ చోటు రోతయగును, చేతిపని రోతయగును. సోదరులలో ప్రేమ నశించినదని తోచును. మొన్న ఎవడో నొప్పించిన మాట గుర్తునకు వచ్చును. దేవుని ఎచ్చటనైనను సేవింపవచ్చును గదా యను వేదాంతము కూడ అప్పుడే స్ఫురించును! భోజనానంతరమున కచేరీ గడియారమువంక పదే పదే చూచుకొను గుమాస్తాకు ఈ వర్ణన విప్పి చెప్పనక్కరలేదు.

దీనికి మందు కుటీరము విడువకుండుటయే. మనస్సును రెండుగా చీల్చి, ఒక భాగము ఏడ్చు రెండవ భాగమును ఓదార్చవలెనని ఆయన నేర్పిన ఉపాయము వినుటకు వింతగా నున్నను, దుఃఖమున తమతో తాము మాటలాడుకొన్నవారు దాని నిజమెరుగుదురు. తక్కిన తలంపులను గూర్చి చెప్పిన మొదటి పని కావలి కాయుట: ప్రతి తలంపును గుమ్మము కడ ఆపి, నీవు మావాడవా, పరాయివాడవా అని అడుగవలెను. ఏది తరచుగా వచ్చును, దేని వెనుక ఏది వచ్చునో గుర్తుంచుకొనవలెను. ముల్లును ముల్లుతో తీసినట్లు, కామము పీడించునపుడు పరువును తలచుకొని దానిని తరుమవచ్చునని కూడ ఆయన చెప్పెను. ఐతే తరిమిన పరువు తానే గర్వమై కూర్చుండు ప్రమాదము కలదు గనుక ఈ ఉపాయము ఆరితేరినవారికే తగునని నా అభిప్రాయము.

అన్నిటికంటె ఆయన సొంతమైనది ఎదురుమాట. మత్తయి సువార్త నాలుగవ అధ్యాయమున అరణ్యమందు శోధకుడు మూడుమారులు పలుకగా, క్రీస్తు మూడుమారులును ద్వితీయోపదేశకాండమునుండియే బదులిచ్చెను. సొంత తర్కమును చేయలేదు. తపస్కాలపు మొదటి ఆదివారమున మన దేవాలయములలో చదువు ఈ ఘట్టమునే ఎవాగ్రియుసు పనిముట్టుగా మలచుకొనెను. అంటిర్రేటికోస్ అను గ్రంథమున, ఎనిమిది తలంపులకు ఎనిమిది భాగములుగా, ఒక్కొక్క ఊహను యథాతథముగ పేర్కొని దాని ప్రక్కన లేఖనమునుండి ఒక వాక్యమును చేర్చెను. ఇట్టివి దాదాపు ఐదువందలు. ఆపదవేళ వాక్యమును వెదకుకొను వ్యవధి యుండదు గనుక ముందే కంఠస్థము చేసియుంచుకొనుటకై చేసిన కూర్పు ఇది. శోధనతో సుదీర్ఘముగ వాదించువాడు సగము ఓడినట్లే. ఏదెను తోటలో హవ్వ చేసినది వాదమే గదా.

ఈ విద్యను జాన్ కాసియన్ అను సన్యాసి ఐదవ శతాబ్దమున మార్సేయునకు కొనిపోయి లాటిను పాఠకులకు అందించెను. ఆరవ శతాబ్దము ముగియునాటికి పోపు గ్రెగొరీ విసుగును విషాదమున కలిపి, అసూయను చేర్చి, గర్వమును మూలముగా నిలిపి ఏడు దోషములుగా మార్చెను. ఆ మార్పున వైద్యుని పుస్తకము న్యాయాధిపతి పుస్తకమైనదని నేననుకొందును; దోషమును కొలువవచ్చును, శిక్షింపవచ్చును, కాని పది గంటలకు కిటికీవైపు మరలిన చూపును పట్టుకొనుటకు ఆ పట్టిక చాలదు.

ఎవాగ్రియుసు గతి మాత్రము విచిత్రము. పూర్వపు వేదాంతి ఓరిగెను సిద్ధాంతములతో ముడిపడినందున, వానిని ఖండించిన 553 నాటి మహాసభ తరువాత ఆయన పేరు నిందితమయ్యెను. అంటిర్రేటికోస్ గ్రీకుమూలము లుప్తమై, సిరియా, ఆర్మీనియా భాషల అనువాదములలో నిలిచినది. ప్రార్థనను గూర్చి ఆయన వ్రాసిన గ్రంథమును గ్రీకు సన్యాసులు వదలుకొనలేక, నీలుసు అను మరొక మునిపేర శతాబ్దముల తరబడి ప్రతులు వ్రాసికొనుచు చదివిరి.