సంచికి చోటేది?

విద్యార్థులను ఆకట్టుకునేలా బస్సుల లోపలి భాగాన్ని తీర్చిదిద్దాలని అంటుంటారు. రంగురంగుల సీట్లు, ఫోను చార్జింగు, వైఫై. మాట వినసొంపుగానే ఉంది. కాని మేము అడిగేది ఒక్కటే: ఏ విద్యార్థిని?

ఆకట్టుకోవడం అనేది ఎక్కనివాణ్ణి ఎక్కించడానికి. మోటారు సైకిలున్నవాణ్ణీ, కాలేజీ బస్సుకు ఫీజు కట్టగలిగినవాణ్ణీ ఆకట్టుకోవాలి. పాసు చేతబట్టుకుని పొద్దున్నే రోడ్డుమీద నిలబడే మాదిగపల్లె పిల్లను ఎవరూ ఆకట్టుకోనక్కర్లేదు. పల్లెవెలుగు తప్పిపోతే ఆమెకు ఆ రోజు చదువు లేదు. సూపర్ లగ్జరీ అక్కడ ఆగదు, ఆగినా ఆ పాసు చెల్లదు. వేరే దారి ఉన్నవాడి ఇష్టాయిష్టాలను 'విద్యార్థి అభిరుచి' అంటున్నారు. వేరే దారి లేని పిల్ల అవసరం లెక్కలోకే రావడం లేదు.

మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్లం మేము. ఇంటరు రెండేళ్లూ పల్లెవెలుగులో నిలబడే వెళ్లాం. బస్సు ఊరంతా దాటుకుని చివర్న ఉన్న మా పల్లెకు వచ్చేసరికి సీట్లు నిండిపోయేవి. నిలబడ్డవాళ్ల సంచి కూర్చున్నవాళ్లు ఒళ్లో పెట్టుకోవడం బస్సు మర్యాద. ఒకరోజు ఒక పెద్దాయన మా సంచి అందుకున్నాడు. పక్కాయన "ఎవరబ్బాయివిరా?" అన్నాడు. నాన్న పేరు చెప్పాం. పెద్దాయన పల్లెత్తు మాట అనలేదు. సంచి మాత్రం ఒళ్లోంచి కాళ్ల దగ్గరికి జారింది. అందులో పుస్తకాలున్నాయి, అమ్మ కట్టిన అన్నం క్యారేజీ ఉంది. ఆ తర్వాత మేమెవరికీ సంచి ఇవ్వలేదు. ఒక చేత్తో సంచి, ఒక చేత్తో రాడ్డు. అట్లాగే రెండేళ్లు గడిచాయి.

బస్సులో కులమెక్కడిది, అందరూ రాసుకుపూసుకునే పోతారు గదా అనే అభ్యుదయవాదులున్నారు. బస్సు మనకు మేలు చేసిన మాట నిజమే. 1901లో మసూరు స్టేషనులో దిగిన పిల్లవాడు అంబేద్కర్‌ను, వెంట ఉన్న పిల్లలను కులం తెలిశాక బండివాళ్లు ఎక్కించుకోలేదు. రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకుంటామంటేనే ఒకడు ఒప్పుకున్నాడు. బస్సు టికెట్టు కులం అడగదు. అది చిన్న సంగతి కాదు. కాని ఎక్కాక మనిషికి మనిషి తగలక తప్పదు. ఆ తగలడం ఎక్కడిదాకా పోగలదో 1991లో చుండూరులో చూశాం. సినిమా హాల్లో ముందు సీటులోని అగ్రకుల యువకుడికి దళిత యువకుడి కాలు తగిలిందన్న తగాదా పెరిగి పెరిగి, ఆగస్టు 6న 8 మంది దళితుల హత్యలదాకా పోయింది. పల్లె బస్సులో అంత దూరం పోకపోవచ్చు. ఒక జరగడం, ఒక ముడుచుకోవడం, ఒక సంచి కిందికి జారడం. నిలబడ్డ పిల్లకు అది చాలు.

బస్సు తయారుచేసేవాళ్లకు ఇది పట్టదు. బస్సు బాడీల ప్రమాణం ఏ.ఐ.ఎస్.-052 బస్సులను నాలుగు రకాలు చేసింది. నగరంలో తిరిగే మొదటి రకంలో నిలబడేవాళ్లకు చోటు లెక్కగట్టారు. ఊళ్లమధ్య తిరిగే రెండో రకంలో నిలబడేవాళ్లకని ప్రత్యేకించిన చోటే లేదు. అంటే పొద్దున్నే పల్లె బస్సులో వేలాడే పిల్లలు కాగితం మీద లేనివాళ్లు. మరి స్కూలు బస్సు నియమాల్లోనో? సీటు కింద సంచులకు చోటుండాలని రాశారు. విద్యార్థికి సంచి ఉంటుందన్న సంగతి వీళ్లకు తెలుసు. ఫీజు కట్టి ఎక్కితేనే అది గుర్తుకొస్తుంది.

మూడు-రెండు వరసల సీట్లు తీసి రెండు-రెండు పెడితే నడవ వెడల్పవుతుంది, పిల్లలు హాయిగా నిలబడతారు అనొచ్చు. అప్పుడు సీట్లు తగ్గుతాయి. పొలంపనికి పోయి నడుం విరిగిన కూలి తల్లులు నిలబడాలి. వాళ్లు మా తల్లులే. వాళ్ల సీటు తీసి మాకు చోటివ్వమని మేము అడగం. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం వచ్చింది. ఆ ఉచితం వల్లే బస్సు కిక్కిరిసిందని సణిగేవాళ్లతో మేము గొంతు కలపం. బస్సు చాలకపోతే తప్పు ఎక్కినవాళ్లది కాదు.

మేము అడిగేవి చిన్నవి. ప్రతి సీటు కిందా సంచికి చోటుండాలి. ఆరో తరగతి పిల్లకు అందే ఎత్తులో పట్టుకునే కడ్డీ ఉండాలి. చీకటిపడ్డాక ముఖం కనబడేంత దీపం వెలగాలి. వీటన్నిటికంటే ముందు, కాలేజీ వేళకు రెండో బస్సు రావాలి. అది రాకుండా ఎన్ని రంగులు పూసినా నిలబడేవాళ్లు నిలబడే ఉంటారు.

సీటు కింద చోటు కులాన్ని పోగొడుతుందా? పోగొట్టదు. కాని సంచి ఎక్కడ పెట్టాలన్నందుకు ఒక పిల్ల తండ్రి పేరు చెప్పుకోవలసిన పని ఉండదు. ముందు అంతవరకైనా చేయండి. ఆకట్టుకోవడం సంగతి తర్వాత చూద్దాం.