పల్లీ పెట్టి చూసిన డాక్టరు

గీడియన్ లాక్ పిల్లల ఎలర్జీ వైద్యుడు, లండన్ కింగ్స్ కాలేజీలో ప్రొఫెసర్. ఆయన పరిశోధనల్ని వరుసగా చదివితే ముందుగా ముచ్చటగొలిపేది ఆ వరుసే. ఒక పరిశోధనలో మిగిలిపోయిన సందేహాన్ని తరవాతిది పట్టుకుంటుంది.

ఎలర్జీ ముప్పున్న పిల్లలకు మూడేళ్ళు నిండేదాకా పల్లీ పెట్టొద్దని బ్రిటన్, అమెరికాల్లో చెబుతున్న రోజులవి. 2003లో ఆయన బృందం ఇంగ్లండులోని ఏవన్ ప్రాంతపు పిల్లల వివరాలు తిరగేసింది. పసితనంలో పల్లీనూనె కలిసిన క్రీములు ఒంటికి రాసినవాళ్ళలో ఎలర్జీ ఎక్కువగా కనబడింది. కడుపుతో ఉన్నప్పుడు తల్లి తిన్న తిండికీ దీనికీ ముడి దొరకలేదు. పగిలిన చర్మం గుండా వెళ్తే పల్లీ శత్రువు, నోటి గుండా వెళ్తే చుట్టం అన్న ఊహ అలా బలపడింది.

ఇక టెల్ అవీవ్‌లో ఒక డాక్టర్ల సభ. పల్లీ ఎలర్జీ కేసు చూసినవాళ్ళు చెయ్యెత్తండి అని లాక్ అడిగితే లేచినవి రెండు మూడు చేతులే. ఇజ్రాయెల్‌లో పసివాళ్ళు బాంబా అనే పల్లీ చిరుతిండి తింటూ పెరుగుతారు. సరే, తేడా వంశానిదేమో? అందుకని 2008లో రెండు దేశాల్లోనూ యూదు పిల్లల్నే తీసుకుని పోల్చారు. ఎలర్జీ బ్రిటన్‌లో 1.85 శాతం, ఇజ్రాయెల్‌లో 0.17 శాతం.

అయినా పోలిక రుజువు కాదు. తిండి పెట్టి చూడాల్సిందే. తీవ్రమైన ఎగ్జిమా, లేదా గుడ్డు ఎలర్జీ ఉన్న 4–11 నెలల పసివాళ్ళు 640 మందిని ఎంచుకున్నారు. చర్మం మీద సూదితో గుచ్చి, దద్దురు 4 మిల్లీమీటర్లు దాటినవాళ్ళను పక్కన పెట్టారు. సగం మందికి వారానికి 6 గ్రాముల పల్లీ ప్రొటీన్, మిగతా సగానికి పల్లీ వాసన కూడా లేకుండా అయిదేళ్ళ వయసు దాకా. తల్లిదండ్రులు చెప్పినట్టే చేస్తున్నారా? కొందరు పిల్లల పక్కల మీది దుమ్ము తీసి, అందులో పల్లీ ప్రొటీన్ ఎంతుందో కొలిచారు! నాకు ఫలితం కన్నా ఈ దుమ్ము సంగతే ఎక్కువ నచ్చింది. 2015లో ఫలితం వచ్చింది. మొదట్లో దద్దురు రానివాళ్ళలో పల్లీ మానినవారికి 13.7 శాతం, తిన్నవారికి 1.9 శాతం ఎలర్జీ. అప్పటికే ఎలర్జీ ముదిరిన పిల్లల గురించి మాత్రం ఇది ఏమీ చెప్పదు.

ఏడాదిపాటు తినడం ఆపినా రక్షణ నిలిచిందని 2016లోనూ, కౌమారం దాకా 71 శాతం తగ్గుదల ఉందని 2024లోనూ తేల్చారు. ఈలోగా 2017లో అమెరికా తన సలహాను తిరగరాసింది.

ఇది చదివి ఇంట్లో ప్రయోగాలకు దిగకండి. బిడ్డకు తీవ్రమైన ఎగ్జిమా గానీ గుడ్డు ఎలర్జీ గానీ ఉంటే డాక్టర్ని అడిగాకే పల్లీ మొదలుపెట్టండి. ఏ పసిబిడ్డకూ గింజ పెట్టొద్దు, గొంతుకు అడ్డం పడుతుంది. మెత్తగా నూరి, పలచన చేసి పెట్టండి.