ఆంధ్రకేసరి ఉత్థాన పతనములు: ‘నా జీవిత యాత్ర’పై ఒక పరిశీలన

టంగుటూరి ప్రకాశం పంతులుగారిని గూర్చి మన సభలలో రెండు మాటలే తరచుగా వినవచ్చును. 1928 ఫిబ్రవరి 3న, సైమన్ కమీషన్ బహిష్కరణనాడు, చెన్నపట్టణమున తుపాకుల యెదుట ఆయన ఱొమ్ము చూపెననునది మొదటిది. తనవారే ఆయనను పడద్రోసిరనునది రెండవది. మొదటిది సత్యము. రెండవది సగము సత్యమేయని ఆయన స్వీయచరిత్ర చదివినకొలది మాకు తోచుచున్నది.

ఈ గ్రంథమునకు గల గొప్ప గుణము దాపరికము లేకపోవుట. ఒంగోలులో తల్లి నడపిన పూటకూళ్ల ఇల్లు, నాటకాల వ్యామోహము, బారిస్టరుగా ఆర్జించిన ధనమంతయు 1921లో స్థాపించిన ‘స్వరాజ్య’ పత్రికకై కరగిపోవుట, అన్నియు ఎదుట కూర్చుండి చెప్పినట్లు చెప్పిరి. అయితే జరిగినది చెప్పుటలో ఉన్న చొరవ, అది ఏల జరిగెనో విచారించుటలో కానరాదు. ఇది గ్రంథలోపము మాత్రమే కాదు. నాయకుని లోపము కూడ.

1937లో రెవిన్యూ మంత్రియై, జమీందారీ విచారణ సంఘమునకు అధ్యక్షులై, భూమి రైతుదేయని నివేదిక యిచ్చిరి. 1946 ఏప్రిల్ 30న మద్రాసు రాష్ట్ర ప్రధానియైరి. పదునొకండు మాసములు నిండకమునుపే స్వపక్షమే ఆయనను కాదన్నది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రియైరి; 1954 నవంబరు 6న మద్యనిషేధ విధానముపై వచ్చిన అవిశ్వాస తీర్మానమున ఒక్క ఓటు తేడాతో పదవి పోయినది. ఱొమ్ము చూపుటకు ఒక్కని ధైర్యము చాలును. మంత్రివర్గము నిలుపుటకు పదిమంది మనసు కావలెను. ఆయనను ఎత్తిన గుణమే ఆయనను దించినది.

పళవేర్కాడు తెలుగువారమైన మాకు ఇది పుస్తకములోని మాట మాత్రమే కాదు. 1949 నాటి విభజన సంఘములో చెన్నపట్టణముపై హక్కు వదలుకొనక, పంతులుగారు అసమ్మతి పత్రము వ్రాసిరి. రాష్ట్రము అప్పుడు ఆగినది. తుదకు చెన్నపట్టణము లేకయే వచ్చినది. నాటి సరిహద్దు మా సరస్సునే చీల్చినది. పెద్దభాగము ఆంధ్రకు పోగా, మా ఊరును సముద్రపు ముఖద్వారమును ఇటే నిలిచినవి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణియు ఇటే చేరినది. ఆయన పట్టుదల మాకు అభిమానాస్పదమే. కాని పట్టు నెగ్గనిచో అంచున ఉన్నవారి గతి ఏమి? ఆ ప్రశ్నకు సమాధానము సిద్ధము చేసికొనకుండుట నాయకత్వ దోషమని మేము చెప్పక తప్పదు.

నాలుగవ సంపుటమును తెన్నేటి విశ్వనాథముగారు వ్రాసిరి. ఆంధ్రరాష్ట్ర మంత్రివర్గములో వారు పంతులుగారి సహచరులు. ఆప్తుని కలము సాక్ష్యము చెప్పగలదు, తీర్పు చెప్పజాలదు. ఆ తీర్పు పాఠకులది.

1957 మే 20న పంతులుగారు కన్నుమూయునాటికి ఆస్తి యేమియు మిగులలేదు. ఇన్ని పదవులు చేపట్టియు తనకై దాచుకొననివానిని నిందించుట మా ఉద్దేశము కాదు. ఆయన విగ్రహమునకు పూలమాల వేయుట సులభము. ఆయన గ్రంథమును విమర్శబుద్ధితో చదువుట కష్టము. ఆ రెండవదియే ఆయనకు తగిన గౌరవమని మా మనవి.