మోటుపల్లి రాతిమీద రాజు మాట

మార్టూరులో రాయి కోత చూడనివాళ్లుండరు. హైవే పక్కన గ్రానైట్ మిషన్ల రొద వినపడుతూనే ఉంటుంది. ఇక్కణ్నుంచి పర్చూరు మీదుగా ఆగ్నేయానికి పోతే సముద్రం ఒడ్డున, చినగంజాం మండలంలో మోటుపల్లి. అక్కడి వీరభద్రస్వామి గుడి దగ్గరి శాసనస్తంభం ఓడ వర్తకుల కోసం చెక్కించింది. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయశాసనం ఇది. చరిత్ర పాఠాల్లో దీనికి ఒక వాక్యం దక్కుతుంది. ఆ రాతలోని పనితనానికి అది ఏ మూలకూ చాలదు.

ముందు సంస్కృత శ్లోకాల్లో వంశప్రశస్తి. అది ఏ శాసనంలోనైనా ఉండేదే, దాటేద్దాం. అసలు సంగతి ఆ తర్వాత మొదలవుతుంది. బయల్దేరిన ఓడ తుఫానులో చిక్కి, పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొత్తం పూర్వపు రాజులు బలవంతంగా లాగేసుకునేవారని శాసనం బాహాటంగా చెబుతుంది. రాజులు చేసిన తప్పును ఇంకో రాజు రాతికెక్కించడం మామూలు విషయం కాదు. పోయే సొమ్మేదో పేరుపేరునా చెప్పాకే వరం ప్రకటించాడు: ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని సముద్రానికి తెగించినవాళ్లకు, నిర్ణీత సుంకం తప్ప మిగతాదంతా వదిలేస్తున్నామని. దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం అన్నాడు. చెప్పని కారణం ఇంకొకటుంది. భయపడ్డ ఓడ ఇంకో రేవు చూసుకుంటుంది.

నిర్ణీత సుంకం అని ఊరుకుంటే సుంకరి ఎంతంటే అంత. అందుకే పట్టీ ఇచ్చారు. ఎగుమతి దిగుమతులకు ముప్పయ్యో వంతు. చందనానికి తూకం లెక్క, కర్పూరానికీ ముత్యాలకూ వెల లెక్క, పోకలకు లక్షకింత అని. పన్నీరు, ఏనుగుదంతం, పునుగు, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు అన్నీ పట్టీకెక్కాయి. ఏ సరుకు బజార్లో ఎలా అమ్ముడవుతుందో సుంకం కూడా ఆ కొలత మీదే. మిర్చి యార్డులో కాటా దగ్గర నిలబడ్డ రైతుకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

శాసనం నిలబెట్టిన చోటు కూడా ఆలోచించి ఎంచిందే. రాగిరేకైతే పుచ్చుకున్నవాడి ఇంట్లో ఉంటుంది. రేవూళ్లో రాతిస్తంభాన్ని సుంకరీ చూస్తాడు, వర్తకుడూ చూస్తాడు.

దీనికి సుమారు ముప్పయ్యేళ్ల ముందు, 1215 జూన్‌లో, ఇంగ్లండు బారన్లు తిరగబడి జాన్ రాజును మాగ్నాకార్టా అనే హక్కుల పత్రానికి ఒప్పించారు. అందులోనూ వర్తకులు నిర్భయంగా వచ్చిపోవచ్చని, అన్యాయపు వసూళ్లు ఉండవని ఒక క్లాజుంది. ఎంత సుంకమో మాత్రం లేదు, పాత న్యాయమైన ఆనవాయితీ ప్రకారం అని సరిపెట్టారు. ఇక పగిలిన ఓడ సంగతి. 1275 నాటి ఇంగ్లండు వెస్ట్‌మినిస్టర్ చట్టం కూడా ఓడలోంచి మనిషో కుక్కో పిల్లో ప్రాణంతో బయటపడితే సరుకును రాజు సొమ్ముగా లెక్కించొద్దంది, సొంతదారుకు ఏడాదీ ఒకరోజు గడువిచ్చింది. మోటుపల్లిలో సరుకు దక్కడానికి పిల్లి బతకాల్సిన పనిలేదు.

అయితే ఒక్కచోట మాగ్నాకార్టాదే పైచేయి. రాజు మాట తప్పితే నిలదీయడానికి 25 మంది బారన్లను పెట్టింది. (రెండు నెలలు దాటగానే పోప్ ఆ పత్రాన్ని రద్దు చేశాడనుకోండి.) గణపతిదేవుడి శాసనంలో అలాంటి ఏర్పాటు లేదు. మాట ఇచ్చింది రాజు, నిలబెట్టుకోవాల్సిందీ రాజే. 1323లో కాకతీయ రాజ్యం కూలింది. 1358లో కొండవీటి అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్లీ అభయశాసనం వేయించాల్సి వచ్చింది.