పాద్రి అను ఒక్క మాట

మన కథలలోను నవలలలోను క్రైస్తవ పాత్ర యేదైనను ప్రవేశించినపుడు దాని వెనుకనే యొక పాద్రియు ప్రవేశించుట పరిపాటియైనది. తెల్లని అంగీ, చేత నొక గ్రంథము, తడబడు తెలుగు - ఇంతతో రచయిత పని ముగియును. ఆ పాద్రి గురువో, కాపరియో, ఉపదేశియో, పీఠాధిపతియో పాఠకునకు తెలియదు. పెక్కు తావుల రచయితకును తెలిసినట్లు కనబడదు. ఈ లోపము చిన్నదిగా తోచవచ్చును. కాని దాని బరువు తెలియుటకు ఆంధ్రదేశమునకు వెలుపలనున్న ఖరగ్‌పూరు వంటి ఊరిని తలచుకొనవలెను.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున కర్మాగారముతోపాటు పెరిగిన ఆ ఊరికి శ్రీకాకుళ, విశాఖపట్టణ ప్రాంతముల తెలుగువారు పనులకై తరలిపోయిరి. నింపురా, మథురాకాటి, మలంచా పేటలలో వారి సంతతివారు నేటికిని తెలుగు మాటలాడుచున్నారు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము తెలుగునకు అధికారభాషా ప్రతిపత్తి నొసగ నిర్ణయించినపుడు ప్రముఖముగా వినబడినది ఈ ఊరి పేరే. వారు విడిచివచ్చిన ఉత్తరాంధ్రమున క్రైస్తవము ఒకే త్రోవను వచ్చినది కాదు. కెనడా బాప్తిస్టులు 1874లో కాకినాడ కేంద్రముగా పని ప్రారంభించిరి. కతోలికులకు 1886లో విశాఖపట్టణము మేత్రాసనమైనది. కావున ఒకే జిల్లావారి నోట రెండు పదజాలములు నిలిచినవి.

కతోలికులకు అర్చన జరుపువాడు గురువు. ఒక విచారణను పాలించినచో విచారణ గురువు. ఊరూర బోధించి ప్రార్థన నడుపువాడు ఉపదేశి. గురువులపై పీఠాధిపతి, ఆయనపై అగ్రపీఠాధిపతి. రోమునందలి పోపు జగద్గురువు. బాప్తిస్టు సంఘమున ఈ నిచ్చెన లేదు. అక్కడ సంఘకాపరి, పెద్దలు, పరిచారకులు, సువార్తికులు కలరు. కాపరిని పిలుచుకొనునది సంఘమే.

ఈ మాటలను పరీక్షించినచో మన పూర్వ అనువాదకుల బుద్ధిసూక్ష్మత వెల్లడియగును. బిషప్పు అను పదమునకు మూలమైన గ్రీకు మాటకు పైనుండి కనిపెట్టి చూచువాడని అర్థము. తెలుగు బైబిలున దానికి నిలిపిన మాట అధ్యక్షుడు. అధి, అక్షము - పైనున్న కన్ను! ఇంతకంటె సరియైన మాట దొరకదు. కతోలికుల పీఠాధిపతి శబ్దము వేరొక దారిని పోయినది: కెతీడ్రల్ అను మాటకు మూలము ఆసనమే గనుక అదియు యథార్థమే. ఒక మాట చూపును, రెండవది గద్దెను చెప్పుచున్నది. పదవి యొక్కటియైనను దానిని గూర్చిన భావములు రెండు. వీనిలో నేది వాడిన ఏ పాత్ర నోట పొసగునో యెరుగుట రచయిత ధర్మము.

పాద్రి సంగతి యిందుకు విపరీతము. అది పోర్చుగీసువారి నుండి వచ్చినది. తండ్రి యని దాని అర్థము. నేడు కతోలికులు ఫాదరుగారు అనునదియు అదే అర్థమున. భూమిమీద నెవనిని తండ్రియని పిలువవలదను సువార్త బోధను అక్షరాల పట్టుకొనిన బాప్తిస్టు కాపరికి మన కథకుడు తండ్రి బిరుదమునే తగిలించుచున్నాడు!

బంగాళీ నుండి అనువదించువారికి మరియొక చిక్కు కలదు. ఆ భాషలో క్రైస్తవ మతాచార్యునకు యాజక, పురోహిత శబ్దములు వాడుకలో నున్నవి. సంస్కృత పదములే కదా యని యథాతథముగా దించుకొనినచో అర్థము చెడును. తెలుగున పురోహితు డనగా పెండ్లికి ముహూర్తము పెట్టువాడే స్ఫురించును. యాజకుడన్న మాట కతోలికులకు చెల్లును గాని, ప్రొటెస్టెంటు చెవికి అది యూదుల దేవాలయమున బలు లర్పించినవానిని స్ఫురింపజేయును. విశ్వాసులందరును యాజకులే యనునది ఆ సంప్రదాయపు మూలసూత్రములలో నొకటి. ఖరగ్‌పూరు బాప్తిస్టు కాపరిని యాజకుడనుట ఆయన నమ్మకమునే తలక్రిందులు చేయుట.

ఇట్లనుటచే పాత్రలన్నియు గ్రంథభాష మాటలాడవలెనని నా అభిప్రాయము కాదు. కథకుడు సంఘకాపరి యని వ్రాయవచ్చును. పాత్ర మాత్రము పాస్టరుగారూ యనియే పిలువవలెను. పల్లెలలో అయ్యగారు అన్న పిలుపును కలదు. కాపరి భార్యను పాస్టరమ్మగారనుట తెలుగువారు స్వయముగా కల్పించుకొనిన సొగసైన పదము. వివాహము లేని కతోలిక గురువు పక్కన ఆ మాటకు చోటే లేదు. ఒక్క పిలుపుతో ఇంటి స్వరూపము, సంఘ స్వరూపము తెలియుచుండగా వర్ణన లెందుకు? పాద్రి యన్న మాటను బహిష్కరింప బనిలేదు. ఆ మతము నెరుగని బయటివాని నోట, దొరల కాలపు కథలో అది సహజమే. కథకుని సొంత గొంతున అది నిలిచినపుడే దోషము.

రైల్వే పట్టణమును గూర్చి వ్రాయువాడు డ్రైవరును గార్డని వ్రాయడు. ఖలాసీకిని ఫోర్‌మనుకును భేదము చూపును. పనివారి దొంతరల నంత శ్రద్ధగా గమనించిన కలము, ఆదివారమునాడు ఆ ఖలాసీయే కూర్చుండి విను బోధకుని దగ్గరకు వచ్చుసరికి ఏల మొద్దుబారవలెను? ఆ బోధకుని పరాయివాడుగా ముందే నిశ్చయించుకొనుట చేతనే యని నా తలంపు.

చరిత్ర యందుకు ఒప్పదు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెతీడ్రల్‌లో వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు ఆంగ్లికను సంఘమున తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తులైరి; ఆయనకు ఒప్పగించిన ప్రాంతము తెలుగునాటి దోర్నకల్లు. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీగారు కార్డినల్ పదవి నందిన తొలి తెలుగువారైరి. సాహిత్యమున చూచినను, గుఱ్ఱం జాషువ క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. కవిత్వమున ఇంటివాడైన క్రైస్తవుడు కథలో నింకను అతిథిగా నుండుట న్యాయము కాదు.

ఖరగ్‌పూరు వంటి ఊళ్లలో బడి యొక భాష, బజారు మరియొక భాష. అట్టిచోట తెలుగున ఆరాధన జరుగు మందిరము, పిల్లల చెవిని గంభీరమైన తెలుగు పడు కొలది తావులలో నొకటి. కాపరి, పరిచారకుడు, అధ్యక్షుడు అను మాటలు వారికి నిఘంటు పదములు కావు. వారమువారము విను పేర్లు. రేపు ఆ పిల్లలలో నొకడు మన కథ చదివి, తన పాస్టరుగారిని అందు వెదకి, పాద్రిని మాత్రమే కనుగొనినచో, ఈ సాహిత్యము తనది కాదని తలంచును. ఆ తలంపునకు తావీయకుండుట మన చేతిలోని పని. దానికి గొప్ప పాండిత్యము అక్కరలేదు. వ్రాయుటకు ముందు, మీ రాయనను ఏమని పిలుతురని అడిగిన చాలును.