ఇంజిన్ విప్పిన బండి

పాత కారు బేరంలో కొనేవాళ్లు తప్పకుండా అడిగే మాట ఒకటుంది: "ఇంజిన్ విప్పారా?" అవునన్నామంటే ధర అక్కడే దిగుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో ఈ మాట విన్నప్పుడల్లా నాకు కష్టంగానే ఉంటుంది.

12 ఏళ్ల డీజిల్ కారు ఒకటి అనుకోండి. పొగ వస్తోంది, ఆయిల్ తాగుతోంది, ఇంజిన్ బోరుకొచ్చింది. యజమాని హెడ్ దింపించి, బ్లాకును లేత్‌కు పంపి, పిస్టన్లు, రింగులు, బేరింగులు కొత్తవి వేయించాడు. ఆ లేత్ దగ్గర కాసేపు నిలబడి చూడాలి. సిలిండర్ ఎంత అరిగిందో మిల్లీమీటరులో నూరో వంతు దాకా కొలుస్తారు. ఓవర్‌సైజు పిస్టన్ పట్టేలా గోడను చెక్కి, చివర్న హోనింగ్ రాళ్లతో సన్నటి అడ్డగీతలు పెడతారు. ఆ గీతల్లో ఆయిల్ నిలబట్టే రింగులు తొందరగా అరగవు. అంత ఓపికైన పని.

దానికి 60 వేలు అయిందనుకుందాం. రెండున్నర లక్షల బండికి ఆ 60 వేలు కలిపి ఎవరూ ఇవ్వరు. ఇంకా తగ్గించి అడిగేవాళ్లే ఎక్కువ. అదే మనిషి ఇంజిన్ జోలికి పోకుండా పెయింటు కొట్టించి, చిక్కటి ఆయిల్ పోసి పొగ అణిచి అమ్మితే బేరం సాఫీగా తెగుతుంది. బాగుచేసినవాడు నష్టపోయి, దాచినవాడు లాభపడే ఈ పద్ధతి అన్యాయం.

కొనేవాళ్ల భయమూ కాదనలేనిదే. లోపల పని ఎలా జరిగిందో పైకి కనబడదు కదా. అందుకే లేత్ చీటీ, పార్టుల బిల్లులు, ఆ రోజు మీటరు రీడింగు జాగ్రత్త చేయమంటాను. బ్లాకే మార్చితే కొత్త ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఎక్కించాలి, లేకపోతే పేరు మార్పిడి దగ్గర బండి ఆగిపోతుంది. క్లచ్, సస్పెన్షన్ పనులకు ధర పెరగదు, బేరం మాత్రం త్వరగా కుదురుతుంది.

నిజంగా భయపడాల్సింది మునిగిన బండికి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు ఎన్నో కార్లు నీళ్లలో నానాయి. బాగుచేసే ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే కంపెనీలు టోటల్ లాస్ కింద కడతాయి. అలాంటివి కొన్ని చేతులు మారి, మెరుగుపెట్టుకుని మళ్లీ అమ్మకానికొస్తాయి. సీటు బెల్టు చివరిదాకా లాగి బురద చార ఉందేమో చూడండి, కార్పెట్ ఎత్తి చూడండి. ఇంజిన్ విప్పారా అని అడిగేవాళ్లలో ఇవి చూసేవాళ్లు తక్కువ.

ఇక పెద్ద పని చేయించాలా వద్దా అంటే, ఇంకో మూడు నాలుగేళ్లు నడుపుకునేవాళ్లు చేయించుకోవాలి. 15 ఏళ్లు నిండితే ఆర్‌సీ రెన్యువల్‌కు 2022 ఏప్రిల్ నుంచి కారుకు 5 వేలు ఫీజు ఉంది, అదీ లెక్కలో వేసుకోవాలి. రెండు నెలల్లో అమ్మేవాళ్లు చేయించొద్దు. "బోరు పని ఉంది" అని చెప్పి, ఆ మేరకు తగ్గించి మెకానిక్‌కే అమ్మేయండి. తన చేతి పనికి కూలి ఉండదు కాబట్టి అందరికంటే ఎక్కువ ధర ఇవ్వగలిగేది ఆయనే.