ప్రతిభ దోషమును కప్పునా?

సొగసుగా వ్రాసినవాని దోషము సొగసువలన తగ్గునా? విమర్శకుడు తప్పించుకొనరాని ప్రశ్న యిది. ఫ్రాన్సు దేశీయుడగు రోబేర్ బ్రాజియాక్ చరిత్రము దీనికి తగిన పరీక్ష.

ఈతడు 1909లో జన్మించెను. 1931లోనే వర్జిల్ మహాకవిపై గ్రంథము వెలువరించి, నవలలచేతను విమర్శలచేతను పేరొందెను. 1937లో 'జె సుయి పార్తు' వారపత్రికకు సంపాదకుడయ్యెను. 1940లో జర్మనులు తన దేశము నాక్రమించిరి. వారి చెరనుండి విడుదలయై వచ్చి, వారి పక్షముననే కలము నడపెను. 1942 సెప్టెంబరులో యూదులను పసిబిడ్డలతో కూడ పంపివేయవలెనని వ్రాసెను. ఆ యేడే వేలకొలది బిడ్డలు ఫ్రాన్సునుండి మృత్యుశిబిరములకు కొనిపోబడిరి.

1945 జనవరి 19న న్యాయస్థానము మరణశిక్ష విధించెను. మోరియాక్, వలేరీ, కామూ మున్నగువారు ప్రాణభిక్షకై సంతకములు చేసిరి. కామూ ఆ వ్రాతల నసహ్యించుకొనియు, మరణశిక్షకు విరోధియై చేసెను. సిమోన్ ద బోవ్వార్ చేయనొల్లదయ్యెను. ద గాల్ మన్నింపలేదు; ఫిబ్రవరి 6న కాల్చివేసిరి.

మరణశిక్ష మాకును సమ్మతము గాదు. కాని 'కవి గనుక విడువుడు' అను వాదమును మే మంగీకరింపజాలము. ఆతని మాటను జనులు నమ్మినది ఆ శైలి మూలముననే గదా! 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణముపై జపానువారి బాంబులు పడిన సంగతిని మా విజయనగరమున పెద్దల నోట వినియున్నాము. బాంబు పడిన తావు కంటికి కనబడును. వాక్యము పడిన తావు కనబడదు. బడిలో పిల్లలకు శైలిని మెచ్చుట నేర్పుచున్నాము. ఆ వాక్యము ఎవరి బిడ్డలపై పడునో విచారించుటయు నేర్పనిచో మా చదువు సగము చదువే.